రెండు దోసిళ్ళ గోధుమలు

ఖిదిర్‌పూర్, కలకత్తా
12 ఆగస్టు 1998

చిరంజీవి గురవమ్మకు అన్న కోదండం దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. నీ భుజం నొప్పి ఎలా ఉందో రాయి. ఇది ముందే అడిగేస్తున్నాను, తరవాత కాగితంలో చోటు మిగలదు.

నీ మూట చేరింది. మన టెక్కలి గురువులు హౌరాలో రైలు దిగి, తన ఇంటికి కూడా పోకుండా, తిన్నగా మా గుమ్మంలోకి తెచ్చి దించాడు. ముడి విప్పగానే గదంతా కచ్చూరాల వాసన. అమ్మ మనకి తలంటిన రోజుల్లో వాకిలంతా కమ్ముకునేదే, అదే వాసన. భానుమతి రెండు చేతులూ పిండిలో ముంచి, "నాన్నా, ఇది అత్త సెయ్యి వాసన" అంది. ఇద్దరు పిల్లల తల్లి, అయినా నీ మూట దగ్గర ఏడేళ్ళ గుంటే.

నీ మేనకోడలు చేసే పనేమిటో నాకు సరిగా తెలియదు అన్నావు. చెప్తాను విను. భవానీపూర్‌లో మెట్రో మెట్లెక్కి బయటికొస్తే రెండో సందులో బ్యూటీ పార్లర్. దాని యజమానురాలు శెఫాలీ దీదీ, అరవైకి దగ్గర పడిన మనిషి. పద్నాలుగేళ్ళ కిందట భాను అక్కడ నేల తుడవడానికి చేరింది. ఇవాళ లోపలికొచ్చిన ఆడవాళ్ళు కుర్చీలో కూర్చునే ముందు "భాను ఉందా" అని అడిగి కూర్చుంటున్నారు. నేను చెవులారా విన్నాను. పొడవాటి అట్ట పుస్తకం ఒకటి పెట్టుకుంది. ఎవరికి ఏది పడదు, ఎవరికి ఎక్కడ కందింది, ఎన్నాళ్ళకి తగ్గింది, అన్నీ బెంగాలీలో రాస్తుంది. నేను ఐదో క్లాసుతో ఆగినవాడిని. కార్పొరేషన్ మురుగునీటి పంపు దగ్గర ముప్పై మూడేళ్ళు రిజిస్టరులో ఎక్కువ, తక్కువ, ఆగింది అని మూడు మాటలే రాశాను. ఈ పిల్ల మనిషి తోలు గురించి పేజీలు పేజీలు రాస్తుంది.

ఇప్పుడు అసలు మాట. నీ నలుగుపిండి అక్కడ పేరు తెచ్చుకుంది. భాను గాజు డబ్బాలో పోసి, పైన కాగితం అంటించి, ఏమేం పడ్డాయో వరసగా రాసింది. పెసలు, శనగపప్పు, బియ్యం, కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు, తుంగముస్తెలు. చివర, "మా అత్త గురవమ్మ తన తిరగలి మీద విసిరింది" అని. టెక్కలిలో నువ్వు విసురుతుంటే, భవానీపూర్‌లో నీ పేరు చదువుతున్నారు. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు, సంతోషంతో.

మీ అన్న,
కోదండం


టెక్కలి
29 ఆగస్టు 1998

అన్నయ్యకు గురవమ్మ నమస్కారాలు.

ఉత్తరం అందింది. సంతోషంతో అన్నం సహించలేదు అన్నావు. వదిన ఉండగా నీకు అన్నం సహించని రోజు నేను చూడలేదు. మజ్జిగలో ఇంత శొంఠి వేసుకు తాగు.

నా పేరు రాసినందుకు భానుకి నా ముద్దులు చెప్పు. పక్కింటి అప్పలకొండమ్మకి చెప్తే, "నీ పేరేటి, బెంగాలీలోనేటి" అని నోరు తెరుచుకుంది. నాలుగు రోజులు ఆ నోరు అలాగే ఉంది.

భుజం మాట అడిగావు గనుక చెప్తున్నాను. కుడి చెయ్యి తల మీదికి లేవడం లేదు. డాక్టరు తిరగలి ముట్టుకోవద్దన్నాడు. కార్తీకం వెళ్ళేదాకా విసరను. పంపినది ఎనిమిది కిలోలు. మనిషికి గరిటెడు చొప్పున వాడినా దసరా దాకా వస్తుంది. ముందే అయిపోతే రాయి. చెయ్యి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మొహమాటపడి ఊరుకోకు. నీ మొహమాటం నాకు తెలుసు, పెళ్ళిపందిట్లో మంచినీళ్ళడగడానికి సిగ్గుపడి దాహంతో కూర్చున్న పెళ్ళికొడుకువి.

మరమీద ఆడించింది మాత్రం ఆ డబ్బాలో పోయనివ్వకు. మర వేడికి పెసలు కమురు వాసనేస్తాయి.

గురవమ్మ


ఖిదిర్‌పూర్
8 అక్టోబరు 1998

చిరంజీవి గురవమ్మకు,

దుర్గాపూజ వెళ్ళింది. ఊరంతా పందిళ్ళు విప్పుతున్నారు. మా భాను కాళ్ళు ఇప్పుడిప్పుడే నేలకి ఆనుతున్నాయి. మహాలయ నాటినుంచి షష్ఠి దాకా రోజుకి పాతిక మంది నీ నలుగు పెట్టించుకున్నారు. బల్ల చాలక మెట్ల మీద కూర్చున్నారు. నేను వెళ్ళి నీళ్ళు తోడాను. "మేశోమశాయ్, మీ అమ్మాయి చేతిలో ఏదో ఉంది" అని ఒక కాలేజీ టీచరమ్మ నాతో అంది. ఇక్కడ తెలిసినవాళ్ళ నాన్నల్ని అలా పిలుస్తారు, బాబాయిగారూ అన్నట్టు. మురుగు పంపు దగ్గర పనిచేసి వచ్చిన నన్ను ఒక టీచరమ్మ అలా పిలిచిందని చూడు.

విజయదశమి మర్నాడు శెఫాలీ దీదీ మిఠాయి పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఖిదిర్‌పూర్‌లో మా గదికి, ఆమె. మంచం మీద దుప్పటి లాగుతుంటే "ఉండనివ్వండి" అని కూర్చుంది. మోకాళ్ళు పనిచెయ్యడం లేదట, చందన్‌నగర్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతుందట. "పొయిలా బొయిశాఖ్ నాడు పార్లర్ తాళంచెవి భాను చేతిలో పెడతాను. నా తరవాత ఆ చోటికి నా పేరు వద్దు, ఆమె పేరు" అంది. అంటే బెంగాలీల ఉగాది, ఏప్రిల్ నెల. అల్లుడు పెద్దిరాజు బడ్జ్ బడ్జ్ ఆయిల్ డిపో నుంచి అప్పుడే వచ్చాడు, చేతిలో సంచీ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

ఈలోగా ఒక పెద్ద పని ఉంది. దీదీ పెంచుకున్న మేనకోడలు రుణు పెళ్ళి, జనవరి 29న. పాపం, ఎండ తగిలినా కందిపోయే పిల్ల. ఆమెని పెళ్ళికూతుర్ని చెయ్యడం భాను వంతు.

పిండి సంగతి బెంగ పెట్టుకోకు. ఇంకా ఉంది. నువ్వు చెయ్యి కదపకు.

కోదండం


టెక్కలి
2 నవంబరు 1998

అన్నయ్యకు,

తాళంచెవి మాట చదివి కాగితం కళ్ళకద్దుకున్నాను. వదిన ఉంటే పిల్లని ఎత్తుకుని వీధంతా తిరిగేది.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. నేను పంపింది ఎనిమిది కిలోల పిండా, ద్రౌపది అక్షయపాత్రా. పాతికేసి మందికి పెట్టాక కూడా ఇంకా ఉంది అంటున్నావు. భాను చెంచాతో పెడుతోందా, వాసన చూపించి పంపేస్తోందా.

చెయ్యి చెవి దాకా లేస్తోంది. అయిపోతే అయిపోయింది అని రాయి.

గురవమ్మ


ఖిదిర్‌పూర్
9 డిసెంబరు 1998

చిరంజీవి గురవమ్మకు,

ఒక గండం వచ్చి పోయింది. పోయిందనే రాస్తున్నాను.

పోయిన నెలాఖరులో రుణుకి భాను మొదటిసారి నలుగు పెట్టింది, పెళ్ళికి ముందు చర్మం తీరు చూడటానికి. గంటలో ఆ పిల్ల బుగ్గలు, మెడ, మోచేతులు ఎర్రగా తట్టు తేలాయి. కనురెప్పలు ఉబ్బాయి. దీదీ భయపడి భానుని నానా మాటలూ అంది. "ఇదేమిటో తేలేదాకా తాళంచెవి మాట నా దగ్గర ఎత్తకు" అంది. నేనైతే ఏడ్చి ఇంటికొచ్చేద్దును. భాను అలా కాదు. చల్లటి నీళ్ళతో ఒళ్ళంతా కడిగి, పలచటి గుడ్డ కప్పి, టాక్సీలో ఆ పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ రోజు రుణు ఏం రాసుకుందో, ఏం తిందో, ఏ సబ్బో అన్నీ అడిగి పుస్తకంలో ఎక్కించింది. చర్మం డాక్టరమ్మ ఆ పుస్తకం చూసి, "నా దగ్గర నేర్చుకునే పిల్లలు కూడా ఇలా రాయరు" అంది.

వారం తరవాత పరీక్ష చేశారు. ముంజేతి మీద చుక్కలు వేసి, సూదితో చిన్నగా గుచ్చి చూశారు. గోధుమ చుక్క దగ్గర తేలు కుట్టినట్టు పొంగింది. గోధుమలో గ్లూటెన్ అని జిగురుది ఒకటి ఉంటుందట. పిండి తడిపితే సాగుతుందే, ఆ సాగేది అదేనట. అందరినీ ఏమీ చెయ్యదు, నీకూ నాకూ ఏ బాధా లేదు. ఈ పిల్లలాంటి వాళ్ళకి తింటే పడదు, ఒంటికి తగిలినా దద్దుర్లే. మొహానికి రాసింది పెదాల మీదినుంచి నోట్లోకి కూడా పోతుంది కదా. చిన్నప్పటినుంచీ పూరీ తిన్నప్పుడల్లా గోక్కునేదట, అదే కారణమని ఎవరికీ తట్టలేదు.

అప్పుడు భాను రుణు సామానంతా సంచిలో పోసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. మేనమామ అమెరికా నుంచి తెచ్చిన క్రీము ఒకటి. దాని వెనక చీమ తలకాయంత అక్షరాలు. భాను అద్దం పెట్టి కూడబలుక్కుని చదివింది. గోధుమ ప్రోటీను అని ఉంది. మెత్తదనం కోసం వేస్తారట. ఆ రోజు పొద్దున్నే రుణు అది రాసుకుంది.

"మరి నీ పొడిలో గోధుమ ఉందా" అని డాక్టరమ్మ అడిగింది. భాను తల పైకెత్తి, "లేదండీ. మా అత్త తన చేత్తో విసురుతుంది. ప్రతి గింజా నాకు తెలుసు" అంది. వెనక సంచి పట్టుకుని నేనున్నాను.

దీదీ మెత్తబడింది. పెళ్ళినాటి నలుగు భానుదే, ఆ డబ్బాలోదే. నీ పిండి గెలిచింది.

కోదండం


టెక్కలి
20 డిసెంబరు 1998

అన్నయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సంతోషం పొంగితే నీ అక్షరాలు గుమ్మడికాయలంత అవుతాయి. ఈసారి "నీ పిండి గెలిచింది" అన్నచోట చీమల్లా ఉన్నాయి. అమెరికా డబ్బా మీద అక్షరాలు భాను చదివినట్టే నేనూ నీవి చదువుతాను.

నా పిండిలో ఏమేం పడ్డాయో నీకు తెలుసు. మళ్ళీ రాస్తున్నాను, ఆ పుస్తకంలో ఎక్కించమను. పెసలు, శనగపప్పు, పాతబియ్యం, కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు, తుంగముస్తెలు. అమ్మ తిరగలి మీద గోధుమగింజ ఎన్నడూ పడలేదు. ఇంట్లో తినే అలవాటే లేనిది తిరగలిలోకి ఎలా వస్తుంది.

ఇప్పుడు నేనడిగేది చెప్పు. ఎనిమిది కిలోలు దసరాలోపే అయిపోవాలి. నవంబరు నెలాఖరున ఆ పిల్లకి పెట్టిన పిండి ఎక్కడిది. నేను పంపలేదు. గురువులు ఆగస్టు తరవాత ఊరు రాలేదు.

చిన్నప్పుడు కుండలో బెల్లం తిని, కుండ నిండుగా కనపడాలని అడుగున రాళ్ళు పెట్టావు. నాన్నకి దొరకలేదు. నాకు దొరికావు. నేను చెప్పలేదు. ఈసారి కుండలో బెల్లం కాదు.

గురవమ్మ


ఖిదిర్‌పూర్
4 జనవరి 1999

గురవమ్మా,

దొరికాను. రాస్తున్నాను.

నీ పిండి మహాలయకి ముందే అయిపోయింది. నీకు రాస్తే ఆ భుజంతోనే విసురుతావు. భానుకి చెప్తే, అత్త చెయ్యి తప్ప ఇంకోటి వద్దని పూజ రోజుల్లో డబ్బా బోర్లిస్తుంది. ఆ పాతిక మందీ వెనక్కిపోతారు. ఇద్దరికీ ఇబ్బంది లేకుండా నేనే చూసుకుంటాననుకున్నాను. సరుకులన్నీ నువ్వు రాసినట్టే కొన్నాను, బాజారులో మంచివి ఏరి ఏరి కొన్నాను. డాబా మీద మూడు రోజులు ఎండబెట్టాను. ఖిదిర్‌పూర్‌లో బీహారీ ఆటా చక్కీకి, అదే పిండిమరకి, తీసుకెళ్ళాను. మరమీద వద్దని నువ్వు రాశావు. కమురు వాసన రాకుండా మెల్లిగా ఆడించమని నిలబడి ఆడించాను.

చక్కీలో అడుగు పెట్టగానే తుమ్ము వచ్చింది. నాకు ముందు ఎవరో మిరపకాయలు ఆడించారు. ఆ ఘాటు మన అమ్మాయిల మొహాలకి తగిలితే ఎలా అని భయపడ్డాను. "ముందు రెండు దోసిళ్ళ గోధుమలు వేసి రాయి కడుగు" అని నేనే చెప్పాను. కడగడమంటే వాళ్ళకదే. గోధుమలు తిరిగితే మిరప పొడి దానితో పోతుంది. ఆ గోధుమపిండి విడిగా తీసిపెట్టి, మన సరుకు పోయించాను. ఎంత జాగ్రత్తపరుణ్ణో అని నన్ను నేనే మెచ్చుకుంటూ ఇంటికొచ్చాను. భాను చూడకుండా, ఇంట్లో నీ పిండి ఉండే పాత డబ్బాలోనే పోశాను. నాలుగుసార్లు అలా చేశాను.

రాయిలో గాళ్ళుంటాయి, గాళ్ళలో పిండి ఉంటుంది, తరవాత పోసిన దానితో బయటికొస్తుంది. ముప్పై మూడేళ్ళు పంపు దగ్గర నిలబడినవాడిని. ఒక గొట్టంలోది ఇంకో గొట్టంలోకి ఎలా చేరుతుందో ఇంకెవరికి తెలియకపోయినా నాకు తెలియాలి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గోధుమ అన్నప్పుడే నాకు చక్కీ గుర్తొచ్చింది. భాను తల పైకెత్తి లేదు అంటుంటే నేను సంచి పట్టుకుని ఊరుకున్నాను. ఆ తల పైకెత్తడం చూశాక దాన్ని నా చేత్తో కిందికి ఎలా వంచను. పద్నాలుగేళ్ళు నేలనుంచి లేచిన తల అది.

క్రీములో దొరికింది కదా, తప్పు దానిదే అయ్యుంటుందని రోజూ అనుకుంటున్నాను. ఒక్కోరోజు నమ్ముతున్నాను కూడా. పెళ్ళి ఇరవై ఐదు రోజులుంది. ఏం చెయ్యమంటావు.

కోదండం


టెక్కలి
13 జనవరి 1999

అన్నయ్యా,

నన్ను అడగడమేమిటి. చెప్పు. ఈ కాగితం మడత పెట్టే లోపల చెప్పు.

ఆ పెళ్ళికూతురు పీటల మీద కళ్ళు వాచి కూర్చుంటే భాను తల వంగడం కాదు, ఇంక లేవదు. ఇప్పుడైతే కోప్పడుతుంది. కోప్పడనీ. నీ కూతురు నీమీద కోప్పడితే నీకు పోయేది ఏటి.

నామీద జాలిపడి చేశావు గనుక నీమీద నాకు కోపం రావడం లేదు. అందుకు నామీద నాకే కోపంగా ఉంది.

గురవమ్మ


ఖిదిర్‌పూర్
2 ఫిబ్రవరి 1999

చిరంజీవి నా తల్లి గురవమ్మకు,

నీ ఉత్తరం 25వ తేదీన అందింది. మడత పెట్టాను, విప్పాను, మళ్ళీ మడత పెట్టాను. 27న ఊరంతా బంద్. బస్సు లేదు, మెట్రో లేదు, చక్కీ కూడా మూసి ఉంది. భాను ముందురోజే దీదీ ఇంట్లో ఉండిపోయింది, పెళ్ళి పనికి. ఇంట్లో కూర్చోలేకపోయాను. చొక్కా తొడుక్కుని నడిచాను. జూ పక్కనుంచి, ఆలీపూర్ మీదుగా, భవానీపూర్ దాకా. దారిలో ఖాళీ రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. చేరేసరికి పదకొండైంది.

పార్లర్ పైనే దీదీ ఇల్లు. భాను నేలమీద తెల్ల గుడ్డ పరిచి, అదే పిండి జల్లిస్తోంది. రుణు చేతులు చాపుకుని ఎదురుగా కూర్చుంది. దద్దుర్లు పూర్తిగా పోయాయి. దీదీ కుర్చీలో ఉంది.

"ఏటి నాన్నా, బంద్‌లో నడిచొచ్చినావా. పిల్లలకేటైనా ఐందా" అని లేచింది.

చెప్పాను. నిలబడే చెప్పాను. మహాలయ దగ్గర్నుంచి మిరపకాయల దాకా. తెలుగులో చెప్తున్నాను గనుక వాళ్ళిద్దరికీ ఒక్క ముక్కా తెలియదు. భాను చేతిలో జల్లెడ ఆగిపోయింది.

"ఆసుపత్రిలో నా యెనకాలే ఉన్నావు గదా నాన్నా" అంది. అంతే అంది.

అప్పుడు నేనింకో తప్పు చేశాను. అదీ రాస్తున్నాను. "వీళ్ళకి తెలియదు గదమ్మా. ఈ పిండి పురుగు పట్టిందని పారబోద్దాం. వేరేది చేద్దాం. తాళంచెవి మాట ఉంది" అన్నాను.

భాను జల్లెడ కింద పెట్టింది. "నాన్నా, డాక్టరు కాడ లేదన్నది నేను. ఉందని కూడా నేనే సెప్పాల" అంది. గుడ్డ నాలుగు మూలలూ ముడేసి, మూట పక్కన పెట్టి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, రుణు ముందు కూర్చుని బెంగాలీలో చెప్పింది. నా పేరు ఎత్తలేదు గురవమ్మా. "నా డబ్బాలో గోధుమ ఉంది. చూసుకోకుండా లేదన్నాను. ఆనాటి దద్దుర్లలో నా పాలు ఉంది. తప్పు నాది" అంది.

నాకొచ్చిన బెంగాలీ చేపలు కొనడానికి, సూపర్‌వైజరుకి సమాధానం చెప్పడానికి మాత్రమే. ఆ బెంగాలీతోనే అడ్డం పడ్డాను. "తప్పు దానిది కాదు, నాది. నేనే ఆడించాను" అన్నాను.

దీదీ కుర్చీలోంచి నావైపు తిరిగింది. "మిరపకాయకి అంత భయపడ్డారు. నోరు తెరవడానికి ఇంత భయపడ్డారు" అంది. నాకు సరిగ్గా తగిలింది, తగలాల్సిన మాటే.

రుణు ఒక్కతే నవ్వింది. "మేశోమశాయ్, నా పెళ్ళికి అందరికంటే దూరం నడిచొచ్చిన అతిథి మీరే" అని లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. ఈసారి నేనే అడిగాను, ఇంకో గ్లాసు.

ఇక మన పిల్ల పని చూడు. వాళ్ళ వంటింట్లో మసాలా నూరే రాయి ఉంది. వేణ్ణీళ్ళతో మూడుసార్లు కడిగింది. కొత్త పెసలు, పసుపు మాత్రం తీసుకుని నూరింది. నేను నూరతానంటే "నువ్వు కూకో" అంది. రుణు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్ళంత రాసి, గడియారం చూసి, పుస్తకంలో రాసుకుంది. సాయంత్రం చూసింది. మర్నాడు పొద్దున్న చూసింది. చర్మం తెల్లగా అలాగే ఉంది. అప్పుడు మెడ మీద చూసింది. 29న నలుగు పెట్టింది. పందిట్లో ఆ పిల్ల మొహం చూసి అందరూ ఏం రాశారని అడిగారు. ఉత్త పెసలు, పసుపు, మన భాను ఓపిక.

నాతో మూడు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. నాలుగోరోజు అన్నం పెడుతూ, "కాళ్ళు నొప్పులున్నాయేటి" అని అడిగింది. నీకేం చెప్పను. ఇంత మనిషి నా ఇంట్లో పుట్టింది.

దీదీ మాత్రం తాళంచెవి మాట ఎత్తలేదు.

కోదండం


టెక్కలి
21 ఫిబ్రవరి 1999

అన్నయ్యకు,

చదివాను. అప్పలకొండమ్మకి కూడా చదివి వినిపించాను, నువ్వు పారబోద్దాం అన్న వాక్యం మాత్రం దాటేశాను. చెల్లెలిగా అంతవరకే చెయ్యగలను.

గురువులు వచ్చే నెల ఇటు వస్తున్నాడు. తిరిగి అక్కడికి వచ్చేటప్పుడు అతనితో అమ్మ తిరగలి పంపుతున్నాను. నా చెయ్యి ఇంక దాన్ని తిప్పదు, ఒప్పుకున్నాను. రెండు రాళ్ళూ కడిగి ఎండబెట్టాను. పిడి కొత్తది వేయించాను. మా ఇంట్లో అది ఉండే మూల ఖాళీగా కనిపిస్తోంది, ముక్కాలిపీట పెట్టాను.

నీకు పెన్షను వస్తుంది, పొద్దంతా కూర్చుంటావు. కుడివైపుకి తిప్పు. గుప్పెడు గుప్పెడే పొయ్యి. ఎక్కువ పోస్తే పలుకు మిగులుతుంది.

గోధుమలు ఆ గదిలోకే రానివ్వకు.

గురవమ్మ


ఖిదిర్‌పూర్
18 ఏప్రిల్ 1999

చిరంజీవి గురవమ్మకు అన్న దీవెనలు, భాను నమస్కారాలు, పిల్లల ముద్దులు, పెద్దిరాజు దండాలు. ఇవాళ చోటు మిగలకపోయినా ఫరవాలేదు, రెండు కాగితాలు తెచ్చుకున్నాను.

తిరగలి వచ్చిన రోజు గురువులు, పెద్దిరాజు, నేను, ముగ్గురం మోస్తే పైకెక్కింది. మా మేడమీద బెంగాలీలందరూ వచ్చి చూశారు. మొదటి వారం నేను విసిరింది రవ్వలా వచ్చింది. భాను వేళ్ళతో నలిపి చూసి, "మళ్ళీ ఇసురు" అని చెప్పేది. మురుగు పంపు సూపర్‌వైజరు కూడా నన్నంత తిప్పలేదు. ఇప్పుడు పట్టుబడింది. చెయ్యి తిరుగుతుంటే అమ్మ పాడిన కూనిరాగం తనంతట వస్తోంది.

మొన్న 15న ఉగాది. ఉదయం దీదీ పిలిచింది. పార్లర్‌కి మామిడాకులు కట్టారు. భానుని లోపలికి రానివ్వకుండా గుమ్మంలో నిలబెట్టి, "డబ్బా చూపించు" అంది. భాను సంచిలోంచి కొత్త డబ్బా తీసి ఇచ్చింది. దీదీ కళ్ళజోడు పెట్టుకుని, పైన అంటించిన కాగితం మొదటినుంచి చివరిదాకా పైకి చదివింది. చదవడం అయ్యాక కొంగు ముడి విప్పి, తాళంచెవి తీసి, భాను అరచేతిలో పెట్టి, ఆ వేళ్ళు తనే మూసింది. "ఇంక నువ్వు తలుపు తియ్యి" అంది. తీసింది గురవమ్మా. నేల తుడవడానికి వచ్చిన తలుపే తీసింది.

సాయంత్రం రుణు, మొగుడు వచ్చారు. ఆ పిల్ల ఇప్పుడు పూరీ మానేసిందట, రొట్టె మానేసిందట. బుగ్గలు నిండాయి. కొత్త క్రీము ఏది కొన్నా ముందు భాను చేత వెనక అక్షరాలు చదివిస్తుందట.

డబ్బా మీద ఏం రాసిందో చెప్పలేదు కదూ. పైన సరుకులన్నీ ఉన్నాయి, నువ్వు రాసిన వరసలోనే. కింద, "ఈ రాయికి గోధుమ తగలలేదు. అయినా ముందు మోచేతి లోపల కొంచెం రాసి, ఒక రోజు ఆగి చూడండి" అని రాసింది. దాని కింద, "గురవమ్మ తిరగలి మీద, కోదండం విసిరిన పిండి" అని.

"నా పేరెందుకమ్మా, నేను చేసింది తెలిసి కూడా" అన్నాను.

"ఏటి పడ్డాదో రాయాల, ఎవలు ఇసిరినారో రాయాల. దాసకూడదు" అంది, తల ఎత్తకుండా కాగితాలు అంటిస్తూనే.

ముప్పై మూడేళ్ళ పనిలో నా పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా పడలేదు. ఒక డబ్బా గురువులు చేత నీకు పంపుతున్నాను. బెంగాలీ నీకు రాదు. కిందినుంచి మొదటి వరస చూడు. ముందున్నది నీ పేరు, పక్కన ఉన్నది నాది. అప్పలకొండమ్మకి రెండూ చూపించు.

నీ అన్న,
కోదండం